విడిచిపెట్టు విద్య

సూరతు నగరమున మరమగ్గముల చప్పుడు వినవచ్చు లింబాయతు సందులలో, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రదుకుతెరువునకై వలసవచ్చిన పద్మశాలీల మనుమలు, నగరపాలక సంస్థవారి తెలుగు బడులలో అక్షరములు దిద్దుకొని, పిదప ఇంజనీరింగు ముగించి, నేడు ఎం.టెక్. ప్రవేశమునకు వ్రాయు గేటు పరీక్షకు కూర్చొనుచున్నారనిన, వారి తాతలను మగ్గములయొద్ద చూచిన మావంటివారి కాశ్చర్యము కలుగకపోదు. జౌళిశాస్త్రమున పై చదువు కోరువారి చూపు ఢిల్లీ ఐఐటీ మీదనే. పరీక్ష ఫిబ్రవరిలో జరుగును గనుక, తుదిమెరుగుల వేళకు సరిగ ఉత్తరాయణము వచ్చి, ఊరంతయు మేడలెక్కి గాలిపటముల నెగురవేయును. (ఆ దినమున చదువుకొమ్మని నే నెవ్వరికిని చెప్పను, చెప్పినను వినువారు లేరు.)

గణితము బోధించి విశ్రాంతుడనైన నా యొద్దకు సాయంకాలములందు వచ్చు పిల్లలకు నేను నేర్పునది, నిజము చెప్పవలెననిన, గణితము కాదు. ఏ ప్రశ్నను విడువవలెనో తెలిసికొనుట. మూడు గంటలలో 65 ప్రశ్నలు, 100 మార్కులు. నాలుగు జవాబులలో నొకటి యెన్నుకొను ఒక మార్కు ప్రశ్నకు, తప్పినచో మూడవవంతు మార్కు కోతపడును.

"అన్నీ పెడితే ఏదో ఒకటి తగులతది గద సార్!" అన్నాడొక కుర్రవాడు.

లెక్క వేయించితిని. కన్నులు మూసికొని గుర్తించుచు పోయినవానికి సగటున నాలుగింటిలో నొకటి తగిలి, మూడు తప్పి, వచ్చిన మార్కు కోతలతో చెల్లిపోయి, ఫలము సున్న యగును; ఒక జవాబైనను నిశ్చయముగ తప్పని త్రోసివేయగలిగినవానికి మాత్రము, మిగిలిన మూడింటిలో నూహించినను ప్రశ్నకు సగటున తొమ్మిదవవంతు మార్కు లాభము. కొంచెము తెలియుటకు గూడ ధర కట్టిన ఈ నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. సంఖ్యను తామే పూరింపవలసిన ప్రశ్నలకు కోతయే లేదు. వానిని ఖాళీగ విడుచుట సోమరితనము.

కావున అభ్యాసమున, జవాబు చూచుటకు ముందే, ప్రతి ప్రశ్న ప్రక్కను తెలిసినది, సగము తెలిసినది, తెలియనిది యని వ్రాయింతును. తెలియనివానితో చిక్కు లేదు. తెలిసినదని వ్రాసి తప్పినవే, తెగిన పోగును గమనింపక మగ్గమును నడిపిన నేతగానివలె, బారెడు గుడ్డను పాడుచేయును. పిల్లలు వానిని తిరిగి చూచుటకు సిగ్గుపడి క్రొత్త పుస్తకము కొందురు. నేను క్రొత్త పుస్తకమును దాచి, పాత తప్పులనే వారి ముందుంచుదును.

ఆ కుర్రవాని తండ్రి యొకనాడు వచ్చి, గడపయొద్దనే నిలువబడి, "చదువుకుంటుంటే పైసలిస్తరంట, నిజమేనా సార్?" అని యడిగినాడు. గేటు స్కోరుతో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనము కలదనియు, దానికి ప్రతిగా వారమునకు కొన్ని గంటలు బోధనలో తోడ్పడవలెననియు చెప్పితిని. ఆయన యా మొత్తమును తన కూలితో మనసులో సరిచూచుకొనుచు, "అయితే రాత్రి పాళీకి వాణ్ని పిలువను" అనెను.