డిక్స్ రాసిన అర్జీ

1843 జనవరిలో అమెరికాలోని మసాచుసెట్స్ శాసనసభ ముందుకు ఒక అర్జీ వచ్చింది. రాసినవారు బోస్టన్‌లో బడి నడిపిన టీచరమ్మ డొరొథియా డిక్స్. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. ఆడవాళ్లకు ఓటు లేని కాలం, సభలో నిలబడి మాట్లాడే ఆనవాయితీ కూడా లేదు. అందుకని శాసనసభ్యుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ ఆమె తరఫున దాన్ని సమర్పించారు. మానసిక రోగుల పక్షాన చట్టసభ తలుపు తట్టిన పౌరుల గురించి ఎవరు రాసినా ఈ అర్జీ పేరు చెబుతారు. పేరు చెప్పి ముందుకు వెళ్లిపోతారు కూడా. దాన్ని వాక్యం వాక్యం పట్టి చదివితే తెలుస్తుంది, అది ఎంత గట్టి పనితనమో.

కథ 1841 మార్చిలో మొదలైంది. ఒక ఆదివారం ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలులో ఆడఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి డిక్స్ వెళ్లారు. ఏ నేరమూ చేయని, మతి చలించిన ఆడవాళ్లు అక్కడ నేరస్తులతో పాటే ఉన్నారు. ఆ చలిలో వాళ్ల గదుల్లో నిప్పు లేదు. ఎందుకు లేదని అడిగితే, పిచ్చివాళ్లకు చలి తెలియదని జవాబొచ్చింది. ఆమె ముందు ఆ గదులకు వెచ్చదనం సాధించారు. ఆ తర్వాత నోటుబుక్కు పట్టుకుని రాష్ట్రమంతా తిరిగారు. జైళ్లు, ఊరి ఖర్చుతో నడిచే పేదల సత్రాలు, వాటి వెనక కొట్టాలు, నేలమాళిగలు, ఏవీ వదల్లేదు.

అర్జీ మొదటి పుటల్లో ఆవేశం ఉంది. గొంతు లేనివాళ్ల తరఫున వచ్చానని, వినడానికి బాధ కలిగించేవి చెప్పబోతున్నానని, ఆ బాధను తీర్చే అధికారం మీ చేతుల్లోనే ఉందని సభ్యులకు చెబుతారు. అక్కడి నుంచి ఒక్కసారిగా గొంతు మారిపోతుంది. ఊరి పేరు, దాని పక్కన ఒకటి రెండు పొడి వాక్యాలు. అంతే.

లింకన్ అనే ఊరికి దక్కింది ఒక్క ముక్క: బోనులో ఒక స్త్రీ ఉంది. మెడ్‌ఫర్డ్‌లో ఒకరు గొలుసులతో ఉన్నారు, ఇంకొకరు 17 ఏళ్లుగా ఇరుకు కొట్టంలో ఉన్నారు. గ్రాన్‌విల్‌లో ఒక మనిషికి కదలిక లేక కాళ్లూ చేతులూ పట్టు తప్పుతున్నాయి. బర్లింగ్టన్‌లో ఒకామెకు గది, పడక బాగానే ఉన్నాయి కానీ రోజు విడిచి రోజే మంచం దిగనిస్తారు. రోజూ అంటే చాకిరీ ఎక్కువట. స్ప్రింగ్‌ఫీల్డ్ సత్రంలో ఒకామె ఏదైనా పని ఇవ్వమని, పక్కన మనిషి కావాలని బతిమాలుకుంటోంది. తనకు తీరిక లేదంటుంది సత్రం చూసే ఆవిడ. డెడ్‌హామ్‌లో కొట్టంలో మూసి ఉంచిన ఇద్దరిలో ఒకామెకు నయమయ్యే అవకాశం ఉందనుకుంటున్నారు. ఖర్చవుతుందని ఆసుపత్రికి పంపలేదు.

ఇవి చదువుతుంటే కళ్లు ఎక్కడా ఆగవు, ఆగడానికి ఆమె చోటివ్వరు. జాలి గురించి ఒక్క మాటైనా రాకముందే తర్వాతి ఊరు వచ్చేస్తుంది. కలెక్టరాఫీసుకు చేరే మన అర్జీల్లో కష్టం కంటే కష్టానికి తొడిగిన విశేషణాలే ఎక్కువగా ఉంటాయి, చదివే అధికారి వాటిని దాటేయడం అలవాటు చేసుకుంటాడు. ఇక్కడ దాటేయడానికి విశేషణాలు దాదాపు లేవు.

నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకునేది ఆమె నిజాయితీ. బాగున్నచోట బాగుందని రాశారు. నార్తాంప్టన్ సత్రంలో రోగులను శ్రద్ధగా చూస్తున్నారని ఒప్పుకున్నారు. లెనాక్స్‌లో ఇద్దరు రోగులను జైల్లో ఉంచడం తప్పని జైలరే మొత్తుకుంటున్నాడని అతని మంచితనాన్నీ లెక్కలో వేశారు. బార్న్‌స్టబుల్‌లో నలుగురు స్త్రీలు కొట్టాల్లో ఉన్నారు; ఇద్దరికి గొలుసులున్న మాట ఖాయం, నలుగురికీ ఉన్నాయని తన అనుమానం అంటూ తేడా చూపించారు. బ్రూస్టర్‌లో యజమానులు లేరు, లోపలికి ఎవరినీ రానివ్వొద్దని ఆజ్ఞ, కాబట్టి చూడలేకపోయానని రాశారు. కోపంతో ఉన్న మనిషి తను చూడని దాన్ని చూడలేదని రాయడం ఎంత కష్టమో, ఏదైనా ఉద్యమంలో కరపత్రం రాసినవాళ్లకు తెలుసు.

ఊళ్ల జాబితా తర్వాత వాక్యాలు పొడుగవుతాయి. డాన్వర్స్ సత్రానికి నవంబరులో వెళ్లారు. ఇల్లు చేరకముందే అరుపులు, పాటల ముక్కలు, తిట్లు వినిపించాయి. అవి దూరంగా ఉన్న ఒక చిన్న కట్టడంలోంచి వస్తున్నాయి. లోపల కమ్మీలు పట్టుకుని బాదుతున్న ఒక యువతి, చుట్టూ మురికి. ఆమె ఒకప్పుడు ఎలాంటి మనిషో కూడా చెబుతారు. ముందు జాబితాలో అంత పిసినారిగా మాటలు వాడారు కనుకనే ఇక్కడ పుట నిండా రాస్తే పాఠకుడు కాదనలేడు.

వెంటనే సభ్యుల మనసులో పుట్టే ప్రశ్నను ఆమే ఎత్తుకుంటారు: ఇలాంటివాళ్లు బాగుపడతారా? జవాబుగా ఒకే ఒక్క ఉదాహరణ. శాండిస్‌ఫీల్డ్‌లో ఒక నిరుపేద యువతిని ఏళ్ల తరబడి బోనులో, గొలుసులతో, కొరడాతో అదుపు చేశారు. ఆ ఊళ్లో పేదలను ఏటా వేలం వేసేవాళ్లు; తక్కువ డబ్బుకు పోషిస్తామన్నవాళ్లకు అప్పగించేవాళ్లు. ఒక ఏడు ఒక ముసలాయన ముందుకొచ్చాడు. ముసలి మొగుడూ పెళ్లాలు ఈ జంతువుతో ఏం చేస్తారని జనం ఎగతాళి చేశారు. మా ఆవిడ సరేనంది, తీసుకుపోతానన్నాడు ఆయన. స్నానం చేయించి, బట్టలు కట్టి, వంటింట్లోకి తెరుచుకునే గది ఇచ్చారు. గొలుసు అప్పుడే తీయలేదు. వారం తర్వాత దాన్ని పొడుగు చేసి వంటింట్లోకి రానిచ్చారు. చిన్న చిన్న పనులు చేయసాగింది. రెండు వారాలకు గొలుసు విరగ్గొట్టారు. ఆమె వాళ్లను అమ్మా, నాన్నా అని పిలుస్తోంది. పూర్తిగా నయమైందని డిక్స్ అనలేదు. అప్పుడప్పుడు ఉద్రేకపడుతుందనీ రాశారు. గొలుసు పొడుగు చేసిన ఆ వారం లెక్కను జారనివ్వకుండా పట్టుకోవడం గొప్ప రచయిత చేసే పని.

ఆ ఉదాహరణ అర్జీ అడిగినదానికంటే ఎక్కువ చెప్పిందని నా అభిప్రాయం. డిక్స్ కోరింది ఆసుపత్రుల్లో చోటు. ఆమె చేతిలో ఉన్న అన్నింటికంటే బలమైన సాక్ష్యం మాత్రం ఒక ఇల్లు, ఒక వంటిల్లు. పెద్ద ఆసుపత్రులు తర్వాతి దశాబ్దాల్లో కిక్కిరిసిపోయి వేరే రకం బందిఖానాలయ్యాయి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్‌లో సమాజంలో కలిసి బతికే హక్కునూ, 95వ సెక్షన్‌లో గొలుసులపై నిషేధాన్నీ రాసుకుంది. అంతకుముందు, 2001 ఆగస్టులో, తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. శాండిస్‌ఫీల్డ్ పుట చదివినప్పుడల్లా నాకు ఏర్వాడి గుర్తొస్తుంది, కడుపు తరుక్కుపోతుంది.

కాపలాదారుల మీద ఆమె నింద మోపలేదు. వాళ్లలో చాలామంది కఠినులు కారు, ఈ పని తెలియనివాళ్లు అన్నారు. దాంతో తప్పు మనుషుల నుంచి ఏర్పాటు మీదికి జరిగింది. వూస్టర్‌లో 1833లో తెరిచిన ప్రభుత్వ ఆసుపత్రి నిండిపోయింది. నయం కాదనుకున్నవాళ్లు తిరిగి ఊళ్లకే వచ్చి పడుతున్నారు. ఊరికి ఆసుపత్రి బిల్లు కంటే బోను చవక. ఈ చిక్కుముడిని విప్పగలిగేది శాసనసభే.

కొన్ని ఊళ్ల అధికారులు మండిపడ్డారు, అతిశయోక్తులని ఖండించారు. హోవ్ నాయకత్వంలోని కమిటీ మాత్రం ఆమె పక్షాన నిలబడింది. వూస్టర్ ఆసుపత్రిని విస్తరించడానికి సభ డబ్బు మంజూరు చేసింది. ఆ ఏడాదే డిక్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని జైళ్లు, సత్రాలు చూశారు, 1844 జనవరిలో అక్కడి సభకు అర్జీ పెట్టారు. న్యూజెర్సీలో ఆమె కృషితో ట్రెంటన్ ఆసుపత్రి 1848లో తెరుచుకుంది. దేశమంతటా ఇలాంటివాళ్ల కోసం కోటీ 22 లక్షల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి అడిగిన బిల్లు కాంగ్రెస్ ఉభయ సభలూ దాటాక, 1854లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ దాన్ని వీటో చేశారు. రాష్ట్రాల సభలకు ఆమె పెట్టిన అర్జీలు అప్పటికే పని చేసి ఉన్నాయి.