సగం కాగితం దణ్ణాలు

సోమవారం ఏలూరు కలెక్టరేటుకి అర్జీలతో జనం వస్తారు. కైకలూరు, మండవల్లి వైపు వాళ్ళకి 2022 ఏప్రిల్లో జిల్లాలు మారేదాకా మచిలీపట్నమే దిక్కు. ఇప్పుడు వాళ్ళూ ఇక్కడికే వస్తారు. రాత రానివాళ్ళు అడిగితే అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని రాసిస్తుంటాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిని ముంచెత్తాక, ఒక లంక గ్రామం నుంచి పెద్దావిడ వచ్చింది. "ముందు కలెక్టరుగారి కాళ్ళకి దణ్ణవని రాయి బాబూ" అంది. రాశాను. "పిల్లాపాపలతో చల్లగా ఉండాలని రాయి." అదీ రాశాను. సగం కాగితం నిండింది కానీ ఆవిడకొచ్చిన కష్టం ఒక్క ముక్క పడలేదు.

"అసలేమైందమ్మా?" అన్నాను.

"పడమటి గోడ కూలిపోయింది. నాలుగు రోజులు మోకాల్లోతు నీళ్ళు. రెండు వలలు కొట్టుకుపోయాయి."

ఇంకో కాగితం తీశాను.

విన్నపంలో ఉన్నది 'విను' అనే చాలాకాలం అనుకున్నాను. కాదు. యజ్ఞం జన్నమైనట్టు, సంజ్ఞ సన్న అయినట్టు, విజ్ఞాపన ప్రాకృతం మీదుగా నలిగి విన్నపమైంది. అర్థం తెలియజేయడం. అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా మన కచేరీలకొచ్చిన అర్జీకి మూలార్థం ఎదుట పెట్టడం. రెండు మాటల మూలంలోనూ కాళ్ళ మీద పడడం లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడమే ఉంది.

కొల్లేట్లో ఇది మరీ అవసరం. 1999లో ఐదో కాంటూరు గీత దాకా సరస్సు అభయారణ్యమైంది. పొలం గురించి అర్జీ రాస్తే అది ఆ గీతకి లోపలో బయటో ముందు రాయాలి. ఎంత బతిమాలినా ఆ గీత జరగదు. సర్వే నంబరు, తేదీ, నష్టం, కోరేది ఒక్కటే. ఇవి ఉంటే చదివే అధికారికి ఏం చెయ్యాలో తెలుస్తుంది. దణ్ణాలే ఉంటే జాలి పడి పక్కన పెడతాడు.

రాసింది చదివి వినిపించాను. గోడ, నీళ్ళు, వలలు. ఆవిడ ఒక్కో మాటకీ తలూపింది. "ఒక్క దణ్ణవైనా ఉంచు బాబూ, పెద్దోళ్ళకి రాస్తున్నాం" అంది.

ఉంచాను, అన్నిటికన్నా కింద. దాని పక్కనే ఆవిడ వేలిముద్ర వేసింది.