తాళాల గుత్తి

ఇల్లు అమ్ముకోవడం గురించి సాహిత్యంలో కన్నీళ్లకి కొదవ లేదు. కానీ అమ్మేముందు ఆ ఇంటిని ఎవరు ఖాళీ చేశారన్న ప్రశ్న మన విమర్శకులకి సాధారణంగా తట్టదు. అటక మీది ఇత్తడి బిందెలు ఎవరు దింపారు? పాత చీరల మూట విప్పి ఏది ఉంచాలో, ఏది ఇచ్చెయ్యాలో ఎవరు తేల్చారు? ఈ ప్రశ్నని దగ్గర పెట్టుకుని చెహోవ్ 'చెర్రీ ఆర్చర్డ్' మళ్లీ చదివాను.

1904లో మాస్కో ఆర్ట్ థియేటర్ మొదటిసారి ప్రదర్శించిన ఈ నాటకాన్ని మనం ఎక్కువగా వర్గాల కథగానే చదువుకున్నాం. అప్పుల్లో మునిగిన భూస్వామిని రనేవ్‌స్కయా ఒకవైపు. తన తాతతండ్రులు బానిసలుగా బతికిన ఆ ఎస్టేటునే వేలంలో కొనుక్కున్న వ్యాపారి లొపాఖిన్ మరోవైపు. పాతది పోయి కొత్తది రావడం. ఆ చదువు తప్పని అనను. కానీ అందులో వార్యాకి చోటు లేదు.

వార్యా ఆ ఇంటి పెంపుడు కూతురు. 24 ఏళ్ల పిల్ల. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి. రనేవ్‌స్కయా విదేశాల్లో ఉన్న ఐదేళ్లూ ఇల్లు నడిచింది ఆమె చేతుల మీదే. ఖర్చు తగ్గించడానికి అందరికీ పాలసూపు, వంటింట్లో ముసలి నౌకర్లకి బఠాణీలు పెట్టి నెట్టుకొస్తుంది. రనేవ్‌స్కయా దారినపోయేవాడికి బంగారు నాణెం దానం చేస్తే, ఇంట్లోవాళ్లకి తిండి లేదే అని విలవిల్లాడేదీ ఆమే. మూడో అంకంలో ఆస్తిని నిలబెట్టడానికి పెద్దత్త 15 వేల రూబుళ్లు పంపుతుంది. అదంతా చెల్లెలు ఆన్యా కోసమేనని చెప్పేది ఎవరనుకున్నారు? వార్యాయే. తన మాట తను ఎత్తదు. ఇంకెవరూ ఎత్తరు.

ఎస్టేటు తనే కొన్నానని లొపాఖిన్ చెప్పగానే ఆమె నడుము నుంచి తాళాలు తీసి నేలమీద పడేసి వెళ్లిపోతుంది. అతను వాటిని ఏరుకుంటాడు. తానింక ఇంటి యజమానురాలు కాదని చూపించుకుందంటూ నవ్వుకుంటాడు. నాకు అక్కడే అభ్యంతరం. ఆమె ఎప్పుడు యజమానురాలు? తాళాలున్నంత మాత్రాన ఇల్లు మన సొంతమవుతుందా? బాధ్యతని అధికారం అనుకోమని ఆడపిల్లకి నేర్పడం పితృస్వామ్యానికి రష్యాలోనైనా గుంటూరులోనైనా ఒకేలా వచ్చు. 'మా ఇంటి మహాలక్ష్మి' అన్న మాటలో ఉన్న మోసమూ ఇదే.

నాలుగో అంకంలో తెరలు, పటాలు తీసేసిన గది. మూలన పోగుపడిన సామాను. ఇల్లు వదిలేటప్పుడు అన్నాచెల్లెళ్లు గాయెవ్, రనేవ్‌స్కయా కౌగిలించుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుకి చెహోవ్ రంగస్థలమంతా ఖాళీ చేసి ఇచ్చాడు. వార్యా ఏడుపు వేరు. సామాను మూట మీద తల ఆన్చి నేలమీద కూర్చుని ఏడుస్తుంది. ఆమె మరో ఇంటి పెత్తనానికి జీతానికి వెళ్లిపోతోంది. మళ్లీ ఇంకొకరి తాళాలు!

ఆ దృశ్యం నాకింతగా తగలడానికి కారణం ఉంది. మా నాన్నగారి స్వార్జితమైన ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు పనులు వాటంతటవే రెండుగా చీలిపోయాయి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రశీదులు, బేరం అన్నయ్యవి. అటక, గాదె, వంటిల్లు, అమ్మ పెట్టెలు అక్కవీ నావీ. పదిహేను రోజులు మసిలో, దుమ్ములో పనిచేశాం. చివర్లో అన్నయ్య రెండు కాగితాలు తెచ్చాడు. హక్కు విడుదల పత్రాలు. "మీకు పెళ్లిళ్లప్పుడే పెట్టాల్సింది పెట్టారు కదమ్మా" అన్నాడు, నిజంగా ప్రేమగానే.

వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతుళ్లకి కొడుకులతో సమానవాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ తెచ్చింది కానీ 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయినవాళ్లని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లు కొనేవాళ్ల వకీళ్లు ఆడపిల్లల సంతకాలు అడిగేది అందుకే. కానీ ఆ సంతకం హక్కు తీసుకోవడానికా, వదులుకోవడానికా అన్నది ఇంట్లోనే నిర్ణయమైపోతుంది.

నేను సంతకం పెట్టలేదు. అమ్మేవాళ్లలో నా పేరూ రాయమన్నాను. అక్క పెట్టేసింది. పుట్టింటి గడప మూసుకుపోతుందని దాని భయం. అమ్మేస్తున్నది ఆ గడపనే అని దానికి తెలీక కాదు. అందరికన్నా ఎక్కువ మసి తుడిచింది అక్కే. దస్తావేజులో లేనిది దాని పేరే. ఆన్యా కోసమేనని వార్యా చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని త్యాగమనడానికి నాకు నోరు రాదు. తనకంటూ అడగడం ఆమెకి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇల్లు పోవడం గురించి మనవాళ్లు రాసిన కథలెన్నో ఉన్నాయి. వాటిలో ఎవరు ఏడ్చారని చాలాకాలం అడిగాం. ఇకనుంచి సామాను ఎవరు సర్దారు, దస్తావేజులో ఎవరి పేరుంది అని కూడా అడుగుదాం. ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు వచ్చే కథ మన సాహిత్యంలో ఎక్కడైనా ఉంటే, దాని గురించి మనం రాసుకోవాల్సింది చాలా ఉంది.