బలహీనత గడి

మావాడి దగ్గరున్న పోకెమాన్ కార్డుల్లో ఒకటి 1999 నాటి ఇంగ్లిష్ బేస్ సెట్ చారిజార్డ్‌కి నకలు. అందరూ మిత్సుహిరో అరిటా గీసిన బొమ్మ గురించే మాట్లాడతారు. నాకు కింది రాత ఇష్టం. హెచ్‌పీ 120. ‘ఫైర్ స్పిన్’ దెబ్బ 100, కానీ కొట్టిన ప్రతిసారీ రెండు ఎనర్జీ కార్డులు వదులుకోవాలి. బలహీనత నీళ్లు. వెనక్కి తగ్గాలన్నా మూడు ఎనర్జీలు ఖర్చు. పొగడకుండా పాత్రని కట్టడమంటే ఇదే.

మాది తిరుపతి. పక్కనే ఉన్న శ్రీకాళహస్తి పేరులోనే మూడు జీవాలున్నాయి: సాలెపురుగు, పాము, ఏనుగు. పాము శివుడికి మణులు పెడితే, ఏనుగు వాటిని తోసేసి నీళ్లు పోసి ఆకులు పెడుతుంది. చివరికి పాము తొండంలో దూరి, రెండూ చనిపోతాయి.

కథ విని మావాడు అడిగాడు: “ఎవరి హెచ్‌పీ ఎక్కువ నాన్నా?”

నవ్వొచ్చింది. కానీ కార్డుతో నా పేచీ అక్కడే. ఆ జీవి ఏం చెయ్యగలదో, ఎంత పోగొట్టుకుంటుందో చెప్తుంది. దేనికోసం కొట్లాడుతుందో రాయడానికి గడే లేదు.

మర్నాడు మావాడు అట్టముక్కల మీద పామునీ ఏనుగునీ గీశాడు. రెండింటికీ బలహీనత గడిలో ఒకటే మాట: శివుడు.

నా విమర్శ సగం వెనక్కి తీసుకుంటున్నా.