అక్కనపల్లి వెండిపై లియోన్ పనితనం

నేలకొండపల్లి స్తూపం చూసి శాతవాహనుల కాలాన్ని ఊహించుకునే ఖమ్మం వాసులకు, ఆ కాలపు దూరదేశ వ్యాపారానికి గట్టి సాక్ష్యం సమీపంలోని నల్గొండ జిల్లాలోనే దొరికింది. అక్కనపల్లిలో బయటపడ్డ 1,531 రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. నాణేల పరిశోధకుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో వెలువరించిన గ్రంథంతో ఈ నిధి పరిశోధకులకు పరిచితమైంది. దీన్ని సాధారణంగా వర్తక చరిత్రలో ఒక లెక్కగా చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఇది ముందుగా చేతిపని.

టైబీరియస్ వెండి నాణెం దెనారియస్‌నే తీసుకుందాం. ఈ రకాన్ని గాల్ ప్రాంతపు లుగ్దునం టంకశాలలో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొట్టారని పండితుల అభిప్రాయం. అడ్డుకొలత సుమారు 18 మిల్లీమీటర్లు, బరువు నాలుగు గ్రాముల లోపు. ఇంత చోటులోనే బొమ్మ వైపు చక్రవర్తి తల కుడివైపు తిరిగి ఉంటుంది. నుదుటిపైన లారెల్ ఆకుల దండ, మెడ వెనక వేలాడే దాని ముడి కొసలు, పొట్టిగా కత్తిరించిన జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తాయి. చుట్టూ లాటిన్ అక్షరాలు. బొరుసు వైపు ఆసనంపై కూర్చున్న స్త్రీ. ఒక చేతిలో పొడవాటి దండం, మరో చేతిలో కొమ్మ. ఆమెను చాలామంది రాజమాత లివియాగా గుర్తిస్తారు.

చెక్కినవాడి నేర్పు తెలియాలంటే అతను పని చేసిన తీరు తెలియాలి. నాణెంపై ఉబ్బెత్తుగా కనిపించే చెంప అచ్చులో గుంటగా ఉండాలి. కుడికి చూసే ముఖాన్ని ఎడమకు తిప్పి చెక్కాలి. అక్షరాలన్నీ తిరగేసి రాయాలి. బొమ్మ అచ్చును సాధారణంగా దాగలిలో బిగించేవారు. దానిపై వెండి బిళ్ల పెట్టి, బొరుసు అచ్చును పైన నిలిపి సుత్తితో కొట్టేవారు. దెబ్బ నేరుగా తగిలేది పై అచ్చుకే గనుక అది త్వరగా అరిగేది, మళ్లీ చెక్కాల్సి వచ్చేది.

టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. ఆ కాలంలో చాలావరకు ఇదే బొమ్మ, ఇదే బొరుసు. అయినా రెండు అచ్చులు అచ్చంగా ఒకటి కావు. ఒకదానిలో ఆసనం కాళ్లు నున్నగా ఉంటే మరోదానిలో నగిషీ ఉంటుంది. పాదాల కింద గీత ఒకచోట ఒకటి, మరోచోట రెండు. చూపు నిలిపితే ఒకే నమూనాను పదేపదే చెక్కిన చేతులు వేరువేరుగా పోల్చుకోవచ్చు.

దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేలు కొన్నింటిపై ఉలి గాట్లు, చిన్న ముద్రలు ఉన్నాయి. ఇక్కడివాళ్లు వాటిని తమ పద్ధతిలో పరీక్షించి ఉండవచ్చు. లాటిన్ అక్షరాలు చదవలేనివారికి కూడా తూకం, మెరుపు, పనితీరు భరోసా ఇచ్చి ఉంటాయి. ఆ తర్వాతి కాలంలో, రెండో శతాబ్దంలో, శాతవాహనులూ రాజు ముఖాన్ని వెండిపై నిలిపి చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు తీర్చారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలు అందుకు చక్కని ఉదాహరణ. పశ్చిమ భారతాన్ని ఏలిన పశ్చిమ క్షత్రపుల నాణేలు ఆ దారికి నమూనా.

మ్యూజియాల్లో ఇలాంటి నాణేలకు రాజు పేరుతోపాటు అచ్చు పనిని వివరించే మాట, పక్కనే ఒక భూతద్దం ఉండాలి. చక్రవర్తి ఎవరో అప్పుడు ఎలాగూ తెలుస్తుంది. పేరు దక్కని ఆ చెక్కడపువాడి ప్రతిభ కూడా అప్పుడే అందరికీ కనబడుతుంది.