ముందు తూము చూడండి

నలుగురు కలిసి పనిచేసుకునే చోటు పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట, అద్దె ఎంతలో దొరుకుతుందని. అద్దె సంగతి తర్వాత. ముందు ఆ ఇంట్లో తూము ఎక్కడుందో, కరెంటు మీటరు ఏ రకందో చూడండి.

బ్లాక్ ప్రింటింగ్, కుండలు, తోలు సంచులు, చెక్క బొమ్మలు చేసేవాళ్లకు ల్యాప్‌టాప్ పట్టే బల్లా, వైఫై ఉంటే సరిపోదు. మట్టి చేతులు కడిగిన నీళ్లు నేరుగా పైపులోకి పోతే బంకమట్టి పేరుకుని కొన్నాళ్లకు పైపు పూడుకుపోతుంది. సింకు కింద నీళ్లు తేరుకునే తొట్టి పెట్టి తీరాలి. మట్టిపాత్రల తొలి కాల్పుకే వెయ్యి డిగ్రీల దాకా వేడి కావాలి. కాస్త పెద్ద కరెంటు బట్టీ త్రీ ఫేజ్ లేనిదే నడవదు. చెక్కపొట్టు లేచే గదిలో రంగు పూసిన బొమ్మను ఆరబెడితే గరుకు తేలుతుంది. దుమ్ము పనికీ తడి పనికీ నడుమ గోడే ఉండాలి, తెర చాలదు. ఆ చిరునామా మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఇంటాయనతో అద్దె ఒప్పందమో, ఆయన అంగీకార పత్రమో కావాలి కనుక, ఆ మాట అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.

నేతపని ఊళ్లలో వీధి పొడవునా పడుగు చాచి గంజి పట్టిస్తారు. ఏ ఒక్క ఇంట్లోనూ పట్టని పొడవది. ఒక్కరి ఇంట్లో పట్టనిదీ, ఒక్కరు కొనలేనిదీ ఏదో, పంచుకోవాల్సింది అదే. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఇదే ఆలోచనను 78 వేల చదరపు అడుగుల్లో, కొత్త పరికరాల నమూనాలు తయారుచేసేవాళ్ల కోసం అమలు చేసింది. మంచి పని. బట్టతో, మట్టితో బతికేవాళ్లకు అంత పెద్దది అక్కర్లేదు. ఆటోలో పోయిరాగల దూరంలో చిన్నదొకటి చాలు.

అద్దెను చదరపు అడుగుల లెక్కన పంచడం నాకు న్యాయమనిపించదు. మూలనున్న బట్టీ జాగా కొంచెమే అయినా కరెంటు బాగా లాగుతుంది. దానికి విడిగా సబ్‌మీటరు పెట్టాలి. కటింగ్ బల్ల గదిలో సగం ఆక్రమిస్తుంది గానీ దాని అవసరం ఒక్కొక్కరికీ ఏ గంటో, రెండు గంటలో.

ఆ బల్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. మంచం మీద బట్ట పరిచి, నడుం వంచి కత్తిరించుకునే ఆడవాళ్లు మన కాలనీల్లో ఎంతమందో! వాళ్లు రాగలిగేది పిల్లలు బడికెళ్లాక, బడి వదిలేలోగా. నెల అద్దె అంటే రాలేరు. గంటకింత అని పెట్టండి. నిలబడి కత్తిరించుకునే ఎత్తులో బల్ల చేయించండి. గడియ సరిగ్గా పడే బాత్రూమ్, కత్తిరించిన ముక్కలు మర్నాటిదాకా దాచుకోవడానికి తాళమున్న అర ఒకటి ఇవ్వండి.