పురుషోత్తమ చౌదరి కీర్తనల్లో ‘నాథ’ సంబోధన – రాధామణి మౌనం

తెలుగు క్రైస్తవ కీర్తన వికాసాన్ని చర్చించేవారు పురుషోత్తమ చౌదరి (1803–1890)ని విస్మరించలేరు. నేటి శ్రీకాకుళం జిల్లాకు ఆనుకొని ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో ఆయన జన్మించారు. 1833లో క్రైస్తవం స్వీకరించారు. బంధువర్గం వ్యతిరేకించింది. భార్య రాధామణి కొంతకాలం ఆయనకు దూరంగా ఉండి, తర్వాత ఆయనను చేరి అదే విశ్వాసాన్ని స్వీకరించారు.

మతాంతరీకరణ కథనాల్లో ఇలాంటి ఎడబాటు సాధారణంగా భర్త విశ్వాసానికి ఎదురైన పరీక్షగా, భార్య రాక ఆ విశ్వాసం సాధించిన విజయంగా చిత్రితమవుతుంది. భార్య సంకోచానికి అజ్ఞానమో, బంధువుల ఒత్తిడో కారణంగా చెబుతారు. ఆమె కూడా తన విశ్వాసాన్నే కాపాడుకుంటున్నదన్న ఆలోచనకు అక్కడ చోటుండదు. మతం మారినవారి వారసత్వ హక్కును కాపాడే చట్టం 1850లో, వారి వివాహ సమస్యను న్యాయస్థానం ముందుకు తెచ్చిన చట్టం 1866లో వచ్చాయి. 1833లో ఆ దంపతులకు ఈ రెండు ఆధారాలూ లేవు. ఎడబాటు భారాన్ని ఇద్దరూ మోయవలసివచ్చింది.

ఈ నేపథ్యంలో చౌదరి కీర్తనల్లోని ‘నాథ’ అన్న సంబోధనను పరిశీలించాలి. ‘కులాచార పరీక్ష’ వంటి రచనతో వాదానికి దిగిన ఆయన, కీర్తనలో శరణాగతుడవుతారు. మతం మారినా రాగతాళాలను, పల్లవి చరణాల నిర్మాణాన్ని, సంస్కృత సంబోధనలను విడువలేదు. తెలుగులో ‘నాథుడు’ దైవమూ, భర్తా. క్రీస్తును నాథుడని పిలిచిన భక్తుడు, మరొక స్త్రీకి నాథుడు. ఆయన తన నాథుణ్ణి వెదుక్కుంటూ వెళ్లినప్పుడు, ఆమె నాథుడు ఇల్లు విడిచాడు.

‘నాథ’ భక్తిసాహిత్యంలో రూఢమైన సంబోధన కనుక, దాన్ని ఆత్మకథగా చదవడం పొరపాటు కావచ్చునన్న ఆక్షేపణ సమంజసమే. కవి ఉద్దేశాన్ని నిర్ణయించడం ఇక్కడ లక్ష్యం కాదు. రూఢమైన పదం ఏ సంబంధాన్ని పలికిస్తున్నదో, దేన్ని పలికించలేకపోతున్నదో గుర్తించడమే విమర్శ పని. కీర్తనలో భక్తుని ఆర్తికి భాష ఉంది. కానీ భర్తను, పుట్టినప్పటి నుంచి కొలిచిన దైవాన్ని ఒకేసారి నిలుపుకోలేని భార్య ఆర్తికి అందులో స్వరం లేదు.

అందువల్ల చౌదరి ధైర్యాన్ని తగ్గించనవసరం లేదు. కులబహిష్కారం తప్పదని తెలిసీ విశ్వాసాన్ని నిలుపుకోవడం సామాన్యమైన విషయం కాదు. అయితే బంధువుల దురభిమానాన్ని ఖండించే విమర్శ, రాధామణి జాప్యాన్ని కూడా దురభిమానంగానే లెక్కిస్తే మరొక అన్యాయం చేసినట్లవుతుంది. ఉత్తరాంధ్ర క్రైస్తవ సాహిత్యచరిత్రలో ఆమె జాప్యాన్ని కూడా ఒక విశ్వాసచర్యగా నమోదు చేయవలసి ఉంది.